బస్సెక్కే సొగసు

చీరకు ఏ కమ్మలు నప్పుతాయో అద్దం చెబుతుంది. అవి సాయంత్రానికి చెవిని లాగేస్తాయా, బ్యాగులోని ఆధార్ చేతికి అందుతుందా, చున్నీ బండి చక్రంలో పడుతుందా అన్నవి ఇల్లు దాటాకే తెలుస్తాయి. నారాయణఖేడ్ తండాల నుంచి పట్నం దుకాణాల దాకా నగలూ సంచులూ చెప్పులూ ఎంచుకునే తీరు మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. అప్పటి నుంచి నారాయణఖేడ్ బస్టాండులో హ్యాండ్‌బ్యాగుకు కొత్త పరీక్ష మొదలైంది. పల్లెవెలుగు నిండా జనం. ఓ చెయ్యి పైకడ్డీకి పోయింది. కండక్టరు వచ్చి ‘అక్కా, ఆధార్ చూపియ్యి’ అంటాడు. మిగిలిన ఒక్క చేత్తోనే జిప్పు లాగాలి, కార్డు తియ్యాలి, జీరో టికెట్ అందుకోవాలి, మళ్లీ జిప్పు పెట్టుకోవాలి. ముందువైపు చిన్న అర లేని బ్యాగు ఇక్కడ ఓడిపోతుంది. దాని ధరెంతయినా, చీర అంచుకు ఎంత కలిసినా సరే.

ఇట్లాంటి విషయాల మీద పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు అద్దం ముందు మొదలై అద్దం ముందే ముగుస్తాయి. ఏ రంగుకు ఏ రంగు, ఏ ముఖానికి ఏ జుంకాలు. అవీ అక్కర్లేనివని అనను. కానీ వరస మార్చాలి. ఆ రోజు ఎక్కడికి పోతున్నాం, ఎలా పోతున్నాం, చేతులతో ఏం పని ఉంది? ఇవి తేలాకే రంగుల సంగతి. ఖేడ్ లాంటి ఊళ్లో ఈ వరస పాటించక తప్పదు. సంగారెడ్డి జిల్లా కొసన ఉంటుంది ఊరు. ఓ పక్క కర్ణాటక, కాస్త పైకి పోతే మహారాష్ట్ర, చుట్టూ లంబాడీ తండాలు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీల గోర్ బోలి ఒకే అంగట్లో వినిపిస్తాయి. జోగిపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ పోవాలంటే వంద కిలోమీటర్లకు పైనే. పెళ్లికైనా, కాలేజీకైనా, దవాఖానకైనా సొగసు ముందు బస్సెక్కాలి.

కొంగుముడి వారసులు

చీరకు జేబు లేదు. అందుకే మన అవ్వలు పైసల్ని కొంగు కొసకు ముడేశారు, బొడ్లో గుడ్డసంచి దోపుకున్నారు, రవికెలో దాచారు. ఆకూ వక్కా సున్నపుడబ్బీ పట్టే సంచి ఒకటి వాళ్ల వెంటే ఉండేది. యూరప్‌లోనూ ఆడవాళ్ల బాధ ఇదే. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో అక్కడ జేబుల్ని విడిగా కుట్టించుకుని, నాడాతో నడుముకు కట్టుకుని, గౌను కుచ్చిళ్ల కింద దాచేవారు. 1790ల్లో పల్చని, ఒంటిని అంటిపెట్టుకునే గౌన్లు వచ్చాయి. లోపలి జేబు ఉబ్బెత్తుగా బయటపడసాగింది. దాంతో ఆ జేబు చేతిలోకొచ్చి రెటిక్యూల్ అనే చిన్న సంచి అయింది. ఇప్పటి క్లచ్‌కు అదే ముత్తవ్వ.

పెళ్లికి క్లచ్ పట్టుకుపోయే ముందు ఒకటి ఆలోచించండి. దానికి ఓ చెయ్యి పూర్తిగా పోతుంది. అక్షింతలు చల్లాలి, ఫొటోలు తియ్యాలి, బఫే పళ్లెం పట్టుకోవాలి. సన్నటి గొలుసున్నది కొంటే భుజానికి తగిలించుకోవచ్చు, వద్దనుకున్నప్పుడు గొలుసును లోపలే వదిలెయ్యొచ్చు. పట్టుచీర మీదికైతే నాడా లాగితే మూసుకునే పొట్లీ ఇంకా మేలు. మణికట్టుకు వేలాడుతుంది, వేళ్లు ఖాళీగా ఉంటాయి. ఎందులోనైనా ఫోను పడుతుందో లేదో కొట్లోనే పెట్టి చూడండి. ఈనాటి ఫోన్లు పట్టని క్లచ్‌లు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.

రోజూ వాడేదానికి లెక్క వేరు. డ్రెస్సు మీదికి ఒంటికి అడ్డంగా వేసుకునే క్రాస్‌బాడీ బాగుంటుంది. రద్దీలో దాన్ని పొట్ట మీదికి తిప్పుకోవచ్చు. పట్టీ రెండు వేళ్ల వెడల్పయినా లేకపోతే టిఫిన్‌డబ్బా, నీళ్లసీసా బరువుకు భుజం కోసుకుపోతుంది. జిప్పు మూసుకునే కొస మీ ముందువైపుకు రావాలి, వీపు వైపుకు కాదు. చీర మీద మాత్రం అడ్డపట్టీ పైట కుచ్చిళ్లను నలిపేస్తుంది. అప్పుడు భుజాన వేసుకునే పొడుగు పిడుల సంచే నయం. బ్యాగుకున్న ఇనుప కొక్కేల అంచుల్ని వేలితో తడిమి చూడండి. వేలికి గీరుకుంటే జరీకీ గీరుకుంటుంది. ఇంట్లోకి ఒక్క బ్యాగే కొనగలిగితే మెరూనో, తేనెరంగో తీసుకోండి. మన చీరల అంచుల్లో, కుర్తాల పువ్వుల్లో ఈ రెండింటి ఛాయ ఎక్కడో ఓచోట ఉంటుంది.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకొకటి. ఉచిత ప్రయాణం రాష్ట్రం ఎల్లదాకానే. బీదర్ పోయే బస్సులో అవతలి దూరానికి టికెట్ కొనాలి. కాబట్టి ఆధార్ అర పక్కనే చిల్లరకూ ఓ అర కావాలి.

తండా ముందే వేసిన లెక్క

బట్టకూ సొమ్ముకూ పనికీ పొత్తు కుదిరిన వేషం చూడాలంటే ఫ్యాషన్ షోలకు పోనక్కర్లేదు. ఖేడ్ చుట్టుపక్కల తండాల్లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ పాత కట్టుతోనే కనిపిస్తారు. పాదాలపైకి ఉండే కుచ్చిళ్ల లంగా ఫేటియా. వీపున నాడాలతో ముడివేసే రవికె కాంచళి. తలమీది నుంచి వీపు మీదికి జారే టుక్రి. వాటి నిండా అద్దాలు, గవ్వలు, నాణేలు, ఎర్రటి బట్ట మీద రంగురంగుల దారం. చేతులకు మోచేయి దాటి పైదాకా బలియాలు. మెడకు హాంస్లి. చెంపలకు ఇరువైపులా ఘుగ్రి, టోప్లి.

ఘుగ్రి దగ్గర కాస్త ఆగాలి. దూరం నుంచి చూసినవాళ్లు దాన్ని పెద్ద జుంకా అనుకుంటారు. దగ్గరికి పోతే తెలుస్తుంది, అది చెవిది కాదు. చెంప దగ్గరి జుట్టును పాయగా అల్లి, ఆ అల్లికకు కట్టిన వెండి గుత్తి అది. కింద చిన్న మువ్వలు, పైన బోర్లించిన గిన్నె లాంటి టోప్లి. బరువంతా జుట్టు మోస్తుంది, చెవి తమ్మెకు ఏ బాధా లేదు. చూసినవాళ్లకు పెళ్లయిన మనిషని తెలుస్తుంది. నడిస్తే చప్పుడవుతుంది. ఒక్క వస్తువుకు ఇన్ని పనులు. చెవి తమ్మె సాగిపోయిందని కుట్టు వేయించుకోవడానికి డాక్టర్ల చుట్టూ తిరిగే పట్నం వాళ్లు ఈ కిటుకు తెలుసుకోవాలి. మన పెద్దలూ దీన్ని ఎరుగుదురు. బుట్టకమ్మల నుంచి జుట్టులోకి పోయే మాటీలు చేసేదీ అదే పని. ఇప్పుడు పెళ్లి ఫొటోల కోసం పెట్టుకుంటున్నారు గానీ మాటీ పుట్టింది బరువు పంచడానికి.

ఇంత వెండి ఒంటి మీద ఎందుకు? లంబాడీలు, అంటే బంజారాలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వర్తకులు. మొగల్ సైన్యాలకు తిండిగింజలు చేరవేసిందీ వాళ్లే. ఇల్లంటూ ఒకచోట లేనివాళ్లకు పెట్టె ఎక్కడ, బీరువా ఎక్కడ? కూడబెట్టింది ఒంటిమీదే ఉండాలి. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లొచ్చి ఎద్దుల బేరాన్ని మింగేశాయి. 1871లో తెల్లదొరల ప్రభుత్వం తెచ్చిన చట్టం ఇట్లా తిరిగే జాతులు ఎన్నిటికో నేరస్థుల ముద్ర వేసింది. వెండి మాత్రం ఒంటిని వదల్లేదు. ఖేడ్ తండాల నుంచి చెరకు కోతలకు కుటుంబాలకు కుటుంబాలే వలస పోవడం ఇప్పటికీ ఉంది. నెలల తరబడి చెరకు తోటల పక్కన గుడిసెల్లో బతికే మనిషికి కాలి కడియం, అవసరమొస్తే తాకట్టు పెట్టుకునే పొదుపు కూడా.

బలియాల కథ ఇంకోటి. కలిగినవాళ్లు ఏనుగుదంతంవి, లేనివాళ్లు ఎముకవీ కొమ్మువీ వేసుకునేవారు. 1972 నాటి వన్యప్రాణి చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగుల దంతం వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతాన్ని కూడా నిషేధించారు. ఇప్పుడు చేతులకున్నవి తెల్లటి ప్లాస్టిక్ గాజులు. రూపం అదే, బరువు తక్కువ, వానకు చెడవు, పొలం పనిలో పగలవు. పాతవే అందమని వాదించేవాళ్లు ఉంటారు. రోజంతా కొడవలి పట్టే చేతికి ప్లాస్టిక్కే మంచిదని నా అభిప్రాయం.

పడుచువాళ్లు చీరలకూ డ్రెస్సులకూ మారిపోయారు. ఫేటియా బరువు, ఎండకు ఉక్క, బడిలో వింతచూపులు... కారణాలు న్యాయమైనవే. తీజ్‌కో, సేవాలాల్ జయంతికో ఒకరోజు కడతారు. చిత్రమేమంటే, తండా విప్పి పెట్టినదాన్ని పట్నం ఎత్తుకుంది. ‘ఆక్సిడైజ్డ్’ పేరుతో దాండియా రోజుల్లో, కాలేజీ ఫెస్టుల్లో అమ్మాయిలు వేసుకునే నల్లబారిన హారాలూ మువ్వల జుంకాలూ చాలావరకు ఈ ఘుగ్రి, హాంస్లీల పోలికలే. 2025లో కిలో వెండి లక్షన్నర దాటాక అసలు వెండి పెట్టెల్లోకి పోయింది, కొన్నిచోట్ల కరిగిపోయింది కూడా. మీ అవ్వ ఘుగ్రిలు ఇంట్లో ఉంటే తూకానికి వేసే ముందు ఆగండి. తూకంలో లోహానికే ధర కడతారు, పనితనానికి కట్టరు.

ఆక్సిడైజ్డ్ వేసుకునేవాళ్లు తండాను సగమే అనుకరిస్తారు. అద్దాల రవికె మీద అద్దాల దుపట్టా, దాని మీద పెద్ద హారం, చేతినిండా గాజులు. తండాలో అన్నీ కలిపి వేసినా కుదిరింది, ఎందుకంటే బట్టను ఆ సొమ్ము కోసమే కుట్టారు. మన బట్ట వేరు. అద్దాల రవికె వేస్తే మెడను వదిలెయ్యండి, చెవులకు మాత్రం పెట్టండి. హారం పెద్దదైతే కుర్తా ఒకే రంగులో సాదాగా ఉండాలి. ముదురు నీలం, నలుపు, ముడి ఖాదీ తెలుపు అయితే వెండి రంగు బాగా లేస్తుంది.

చీర మాట వినాలి

నారాయణపేట చీరను ఖేడ్ చీర అనుకునేవాళ్లు కొందరు తగులుతుంటారు. ఆ ఊరు వేరు, అది పాలమూరు దిక్కు. సన్నగళ్ల ఒళ్లు, ముదురు అంచు ఉన్న ఆ చీరకు పెద్ద హంగు అక్కర్లేదు. గుండ్లు, నల్లపూసలు, ఒంటిరాయి కమ్మలు చాలు. పోచంపల్లి ఇక్కత్‌లో నకాషీ ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది. దాని మీద రాళ్లహారం పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. సాదా వెండి, లేదంటే టెర్రకోట. గద్వాల్‌కు పట్టు అంచు, జరీ ఉంటాయి కాబట్టి కెంపులు, పచ్చలు, పాతకాలపు మెరుపు తగ్గిన బంగారం అందం. జరీ బంగారు రంగుదైతే సొమ్మూ అదే ఛాయలో, వెండి జరీ అయితే వెండిలో. ఈ ఒక్క నియమం తొంభై పాళ్లు పని చేసిపెడుతుంది.

మెడ సంగతి రవికె తేలుస్తుంది. కాలరు, బోట్‌నెక్ వేస్తే గొలుసు దండగ, చెవులకు బుట్టలు పెట్టండి. లోతు మెడ అయితే కంఠానికి ఆనుకునే నక్లెసు. మధ్యలో ఎక్కడో ఆగే గొలుసు రవికె అంచుకు తగులుతూ రోజంతా చికాకు పెడుతుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే వస్తువు ఏ నగల కొట్టులోనూ దొరకదు. పుస్తెలతాడుకో, గాజుకో వేలాడే పిన్నీసు. మన ఆడవాళ్లలో చాలామందికి అక్కడ రెండో మూడో ఉంటాయి. చెప్పు పట్టీ తెగినా, రవికె హుక్కు ఊడినా, కాలిలో ముల్లు గుచ్చుకున్నా చెయ్యి అటే పోతుంది. పైటకు గుచ్చేటప్పుడు పిన్నీసు తలకూ చీరకూ మధ్య ఓ చిన్న ముత్యం పూస వేస్తే పట్టు చిరగదు, పోగు లాగదు.

చక్రం, చున్నీ

1927 సెప్టెంబరు 14న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే అమెరికన్ నర్తకి పైకప్పు లేని కారెక్కింది. మెడకు పొడవాటి పట్టు స్కార్ఫ్. కారు కదలగానే దాని కొస చక్రంలో చుట్టుకుంది, ప్రాణం పోయింది. అంత ప్రసిద్ధురాలి పేరు ఇప్పుడు చాలామందికి ఈ చావుతోనే గుర్తు. మన దగ్గర చున్నీ, పైట చక్రంలో పడి జరిగే ప్రమాదాలు ఎన్నో పత్రికల లోపలి పేజీల్లో నాలుగు వరుసల వార్తలుగా వచ్చిపోతుంటాయి. ఈ ముప్పు ఉంది కాబట్టే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు బైకు వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే రక్షణ పెట్టాలని తయారీదారులకు చెప్పాయి. మనం శారీగార్డు అనేది అదే. షోకు కోసం దాన్ని ఊడబీకించే కుర్రాళ్లకు, వెనక సీట్లో అమ్మో అక్కో కూర్చుంటుందని ఎవరైనా చెప్పాలి.

బండెక్కే రోజున చున్నీని మెడకు చుట్టకండి. రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుము దగ్గర ముడెయ్యండి, లేదా ఆ రోజుకు చున్నీ అక్కర్లేని కోటుకుర్తా వేసుకోండి. హెల్మెట్ కింద బుట్టకమ్మలు కుదరవు. పట్టీ లాగినప్పుడల్లా కొక్కెం చెవిని చీలుస్తుంది. చిన్న దుద్దులతో బయల్దేరి, బుట్టల్ని మూత గట్టిగా పడే చిన్న డబ్బీలో వేసుకుని, దిగాక మార్చుకోవడమే. ఆడపిల్లలు బండి నేర్చుకున్నాక చెవులకు దుద్దులే మిగులుతున్నాయి.

నేల మీద కాలు

చెప్పుల దగ్గర మన మనసు రెండుగా చీలుతుంది. పట్టుచీరకు ఎత్తుమడమలు కావాలంటారు, ఫంక్షన్‌హాలు ముందేమో ఎర్రమట్టీ కంకరా. సన్నటి మడమ మట్టిలో దిగబడుతుంది, మెత్తటి కార్పెట్ మీదా కుదురుగా నిలవదు. ఎత్తు కావాలనుకుంటే అడుగంతా ఒకే దళసరిగా ఉండే వెడ్జ్ తీసుకోండి. చీర కుచ్చిళ్లు కొలిచేటప్పుడు ఆ చెప్పులే వేసుకుని కట్టుకోండి. లేకపోతే నడిచేటప్పుడు అంచు కాలికింద పడుతుంది.

కొల్హాపురీలు మనకు పరాయివి కావు, సరిహద్దు అవతలివే. 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు కలిపి. 2025 జూన్‌లో మిలాన్ ర్యాంపు మీద ప్రాడా కంపెనీ మగవాళ్ల కాళ్లకు వాటిలాంటివే తొడిగి, ఎక్కడివో చెప్పలేదు. గొడవయ్యాక, భారతీయ చేతిపని నుంచే తీసుకున్నామని ఒప్పుకుంది. ఆ తోలును చెట్ల బెరడు, కాయలతో పదును చేస్తారు. కొత్తలో కరుస్తాయి, లోపలివైపు కాస్త కొబ్బరినూనె రాసి రోజుకో గంట చొప్పున ఇంట్లో తిరిగితే కాలికి దారికొస్తాయి. వాన మాత్రం వాటికి పడదు. జూన్ నుంచి దసరా దాకా అటక మీద పెట్టి, రబ్బరు చెప్పులకే పని చెప్పండి.

పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లకో మాట. నీట్‌కు నగలు, గడియారం, మూసిన బూట్లు, పొడుగు చేతుల చొక్కా పనికిరావు. ముక్కుపుడక బిగుసుకుపోయి ఉంటే గేటు దగ్గర పీకే బదులు ముందురోజే కంసాలి దగ్గరికి తీసుకెళ్లండి.

మగవాళ్లకు పెద్దగా చెప్పేదేం లేదు. బెల్టూ చెప్పులూ ఒకే రంగులో ఉంటే చాలు, సగం పని అయిపోయినట్టే. వాళ్లకు అసలైన పాఠం గొర్లకాపరి గొంగడిలో ఉంది. దక్కనీ నల్లగొర్రె ఉన్నితో నేసిన ఆ ఒక్క బట్ట తలమీదుగా మడిచి కప్పుకుంటే వానకు అడ్డం, భుజాన వేస్తే చలికి, పరిస్తే పక్క.

బేరం ఆడే ముందు

లక్క గాజులు కొనేవాళ్లు లాడ్‌బజార్‌ దాకా పోతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిప్పుల మీద మెత్తబరిచిన లక్కను గాజుగా వంచి, వేడిగా ఉండగానే రాళ్లు అద్దుతారు. వేడికి మెత్తబడేదే కాబట్టి వేన్నీళ్లు, పొయ్యి సెగ, ఎండలో నిలిపిన కారు దానికి శత్రువులు. వంటింట్లోకి పోయేముందు తీసెయ్యండి. బీదర్‌కు పోయినవాళ్లు బిద్రీ లాకెట్లు, కమ్మలు తెచ్చుకుంటారు. జింకులో కొద్దిగా రాగి కలిపిన పోత మీద వెండి పొదిగి, పాత కోట మట్టి కలిపిన ద్రావణంలో నల్లబరుస్తారు. బిద్రీ పనికి 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. ఆ నలుపు మురికనుకుని చింతపండుతో తోమిన ఇల్లాళ్లూ ఉన్నారు! నూనె అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు.

జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు. ఆ నికెల్ కొందరి ఒంటికి పడక మెడ మీద, చెవి తమ్మెల దగ్గర దురద, ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. ఒంటికి తగిలే వస్తువుల్లో నికెల్ మీద ఐరోపా దేశాలు 1994లోనే హద్దు పెట్టాయి. మన బజార్లో మనమే చూసుకోవాలి. చెమట ఎక్కువ పట్టే రోజుల్లో దాన్ని గంటల తరబడి పెట్టుకోకండి. చెవిలోకి దిగే కాడ మాత్రం అసలు వెండిదో బంగారందో అయితే మంచిది. వన్‌గ్రామ్ గోల్డ్ మీద బంగారం పల్చటి పూతే, సెంటు నేరుగా చల్లితే త్వరగా వదులుతుంది. సెంటు ముందు, సొమ్ము తర్వాత.

అసలు బంగారం 2025లో తులం లక్ష దాటింది గనుక ఇక్కడ మొహమాటం పనికిరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులుండాలి. బీఐఎస్ ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ. ఆ ఆరింటినీ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. అక్షరాలు కంటికి ఆనకపోతే పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం అడగండి, దుకాణంలో ఉంచాలన్నది నిబంధన. రెండు గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడకలు, పిల్లల కమ్మలు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి, వాటికి ఎన్ని క్యారెట్లో, ఎంత తూకమో బిల్లు మీద రాయించుకోండి.